శుక్లాల ఆపరేషన్‌లో దగ్గర చూపు కావాలని అడిగాను: నాలుగేళ్లు వాడాక

ఆపరేషన్‌కి వారం ముందు కుట్టు టేపు ఒక కొస కణత దగ్గర పెట్టుకుని, రెండో కొస మా అమ్మాయి చేతికిచ్చాను. మిషన్ సూది 42 సెంటీమీటర్లు. ఫోను 36. దినపత్రిక 40. ఒళ్లో చేట పెట్టుకుని బియ్యం ఏరితే 50. వంటగట్టు మీద కూరలు తరిగే చెక్క 62. అమ్మాయి నవ్వింది గానీ కాగితం మీద అన్నీ రాసింది. ఆ కాగితమే నాకు పనికొచ్చింది.

నాకు ఆరో క్లాసు నుంచి సైటు. రెండు కళ్లకీ మైనస్ ఏడు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, చీరలకి ఫాల్స్ వేస్తాను. 57 ఏళ్లకి శుక్లాలు ముదిరాయి. తెల్ల చీరకి మీగడ రంగు దారంతో ఫాల్ వేసి పంపితే, తెలిసినావిడ వెనక్కి తెచ్చి చూపించింది. నా కంటికి రెండూ ఒకటే పసుపు.

హాస్పిటల్లో ప్యాకేజీలు చెప్పే అమ్మాయి రెండే దారులు చూపించింది. శుక్లం తీసి కంట్లో మామూలు లెన్స్ పెడితే దూరం బాగుంటుంది, దగ్గరికి అద్దాలు తప్పవు. ఖరీదైన మల్టీఫోకల్ అయితే రెండూ కనిపిస్తాయి. మామూలు లెన్సునే దగ్గరికి పెట్టొచ్చని ఆ అమ్మాయి అనలేదు. నేను కాగితం తీస్తే డాక్టరుగారు మాత్రం శ్రద్ధగా చూశారు. "వందని పవరుతో భాగించండమ్మా, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుందో తెలుస్తుంది" అన్నారు. ఆపరేషన్ తర్వాత కంటికి మైనస్ రెండున్నర సైటు మిగిలిస్తే 40. రెండు మిగిలిస్తే 50. ఒకటిన్నర అయితే 66 దాకా. ఇంత తేలిక లెక్క ముందే ఎందుకు చెప్పరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మల్టీఫోకల్ వద్దనుకున్నది డబ్బు గురించి మాత్రమే కాదు. అది వెలుతురుని దూరానికీ దగ్గరికీ పంచుతుంది కాబట్టి స్పష్టత కొంచెం తగ్గొచ్చనీ, రాత్రిళ్లు దీపాల చుట్టూ వలయాలు కనిపించొచ్చనీ చెప్పారు. నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టేదాన్ని, ఉన్న స్పష్టతని ఎక్కడ పంచను?

కుడికన్ను మైనస్ రెండున్నరకి అనుకున్నాం. లెన్సులు అర పవరు తేడాలతో వస్తాయి, పైగా సైటు ఎక్కువున్న కంటిగుడ్డు పొడుగ్గా ఉంటుంది, కాబట్టి లెక్క ఒక అర అటూ ఇటూ కావచ్చని ముందే హెచ్చరించారు. దగ్గర చూపు అడగడంలో ఒక సుఖం ఇక్కడ తెలిసింది: రెండు వచ్చినా మూడు వచ్చినా పుస్తకం చదువుకోవచ్చు. చివరికి వచ్చింది రెండుంపావు. మిషన్ ముందు కూర్చుంటే సూది కన్ను, దాని పక్కన దుమ్ము, అన్నీ కనిపించాయి. ఎడమకన్ను మూడు వారాలకి చేశారు. ఆ మూడు వారాలూ నరకమే. ఒక కంటికి పాత అద్దం, ఇంకో కంటికి ఖాళీ ఫ్రేము, మెట్లు దిగాలంటే టెన్షన్.

రెండో కంటికి మనసు మార్చుకున్నాను. వంటగట్టు కొంచెం మసకగా ఉంది కాబట్టి ఎడమకన్నుని ఒకటిన్నరకి పెట్టమన్నాను. రెండు కళ్లకీ మధ్య ముక్కాలు పవరు తేడాకి తల తిరుగుతుందేమోనని, కళ్లద్దాల షాపులో పవరు చూసే ఫ్రేముతో అదే తేడా పెట్టించుకుని అరగంట కూర్చున్నాను. ఏమీ తెలియలేదు. ఆపరేషన్ అయ్యాక కూడా తెలియలేదు.

మొహం చూసుకునే అద్దం సంగతి ఎవరూ చెప్పరు. అద్దానికి జానెడున్నర దూరంలో నిలబడితే మన మొహం మూడు జానల అవతల ఉన్నట్టు లెక్క. మొదటి కంటితో బొట్టు వంకరగా పెట్టుకునేదాన్ని, రెండో కంటితో సరిపోయింది. చదువు హాయిగా ఉంది. మందు అట్టల మీద ఒత్తులు, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పట్టపగలు బాగా తెలుస్తాయి. సాయంత్రం వెలుతురు తగ్గితే అంత తెలియవు. మిషన్ మీదకి ఒక చిన్న లైటు వంచుకున్నాను.

పోయింది ఒకటుంది, దాని గురించి నన్నెవరూ హెచ్చరించలేదు. మైనస్ ఏడు ఉన్నప్పుడు అద్దాలు తీసి 14 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుంటే ముల్లు తీయడం, ముడి విప్పడం భూతద్దంతో చూసినట్టుండేది. ఇప్పుడు ఎంత దగ్గరికి తెస్తే అంత మసక. మొదటి నెల దిగులేసింది. తర్వాత ప్లస్ రెండున్నర రెడీమేడ్ చత్వారం అద్దాలు కొన్నాను. నా రెండుంపావు మీద అవి పెడితే 21 సెంటీమీటర్ల దగ్గర పనవుతుంది. హుక్కులు కుట్టేటప్పుడు మాత్రమే పెట్టుకుంటాను.

బయటికెళ్తే దూరం అద్దాలు తప్పవు. బస్సు బోర్డు, గర్భగుడిలో స్వామి, గేటు దగ్గర నిలబడ్డ మనిషి మొహం, దేనికైనా అద్దాలే. నలభై ఏళ్ల అలవాటు కాబట్టి నాకు బరువు లేదు. చిన్నప్పటి నుంచి అద్దాలు లేనివాళ్లకీ, బండి నడిపేవాళ్లకీ ఇది సరిపడకపోవచ్చు. మా వదిన దూరానికే పెట్టించుకుంది, ఆవిడకి అదే సరి. "ఆపరేషన్ అయ్యాక కూడా అద్దాలేనా, దండగ కాదూ?" అని మొన్న సంక్రాంతికి కూడా అంది. అంటూనే తన ఫోను నా చేతికిచ్చి, "ఇదిగో, బ్యాంకు మెసేజి ఏదో వచ్చింది, చదివిపెట్టు" అంది.

రెండో ఏడు కుడికంటికి మళ్లీ మసక వచ్చింది. లెన్స్ వెనక పొర మందమైందట. లేజరుతో ఐదు నిమిషాల్లో ఆ పొర మధ్యలో చిన్న రంధ్రం చేశారు, పవరు మారలేదు. టేపుతో కొలిచిన కాగితం ఇంకా మిషన్ సొరుగులోనే ఉంది. వచ్చే నెల మా తోటికోడలికి ఆపరేషన్, పట్టుకెళ్తానంది. నా దూరాలు ఆవిడకెందుకు, ఆవిడ చేతికి టేపే ఇచ్చాను.