డల్లాస్ నుంచి జయాన్‌కి: టెంట్ మోసుకెళ్లాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా?

డల్లాస్ నుంచి లాస్ వేగస్ దాకా విమానం, అక్కడి నుంచి రెండున్నర గంటల డ్రైవ్‌లో యూటాలోని జయాన్ నేషనల్ పార్క్. పార్క్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేసుకునే సైట్ దొరికిందంటే సగం పని అయినట్టే. మిగిలిన టెన్షన్ సామాను గురించే.

ఖర్చు: మోసుకెళ్తే చెక్-ఇన్ బ్యాగ్ ఫీజు, అదీ రానూ పోనూ రెండుసార్లు. అద్దెకైతే రోజుకింత, కాబట్టి రెండు రాత్రులకి పర్వాలేదు కానీ ఐదు రాత్రులు, నలుగురు మనుషులు అంటే బిల్లు బాగా పెరుగుతుంది.

శ్రమ: మనదైతే 50 పౌన్లలోపు సర్దాలి, తిరిగొచ్చాక ఆ ఎర్రమట్టి దులిపి ఆరబెట్టాలి. అద్దెదైతే వాళ్ల దుకాణం మూసేలోపు చేరాలి, విమానం ఆలస్యమైతే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారు?

రిస్క్: టెంట్ మేకులు క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టనివ్వరు, చెక్-ఇన్‌లో వెయ్యాలి. గ్యాస్ డబ్బా ఎందులోనూ కుదరదు, అది వేగస్‌లో దిగాకే కొనాలి. ఆ చెక్-ఇన్ బ్యాగ్ రాకపోతే మాత్రం పడక మొత్తం పోయినట్టే. అద్దెలో జిప్ పాడైన టెంట్ చేతికొచ్చే అవకాశం ఉంది, అందుకే దుకాణంలోనే ఒకసారి విప్పి చూడండి, మొహమాటపడొద్దు.

చౌక టెంట్ కొని చివరిరోజు చెత్తలో పడేసి వచ్చేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

మొదటిసారి వెళ్లేవాళ్లు, రెండు రాత్రులవాళ్లు అద్దెకే తీసుకోండి. ఏటా వెళ్లేవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు సొంతదే తీసుకెళ్లండి. పిల్లలకి అలవాటైన స్లీపింగ్ బ్యాగ్ ఉంటే రాత్రి హాయిగా పడుకుంటారు.