తాప్గోల్ పార్కు, సొదెమున్ జైలు: సియోల్‌లో ఒక రోజు

సియోల్ వెళ్లేవారు రాజభవనాలతో సరిపెట్టుకోకుండా జొంగ్నో వీధిలోని తాప్గోల్ పార్కును తప్పక చూడాలని నా అభిప్రాయం. ప్రవేశం ఉచితం, సబ్‌వేలో జొంగ్నో 3-గా స్టేషన్ దిగితే నాలుగడుగుల దూరం. 1919 మార్చి 1న కొరియాపై జపాను పాలనను ధిక్కరిస్తూ స్వాతంత్ర్య ప్రకటనను జనం మధ్య చదివినది ఇక్కడి ఎనిమిది కోణాల మండపం వద్దనే. దానిపై సంతకాలు చేసిన 33 మంది మాత్రం ఇక్కడికి రాలేదు. గుమిగూడిన జనానికీ పోలీసులకూ ఘర్షణ జరిగి రక్తపాతమవుతుందన్న భయంతో, వారిలో 29 మంది సమీపంలోని ఒక భోజనశాలలో సమావేశమై, తామే పోలీసులకు కబురంపి అరెస్టయ్యారు. మన జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగినది ఆ తరువాత ఆరు వారాలకే.

పార్కు చాలా చిన్నది. 1467 నాటి పది అంతస్తుల పాలరాతి స్తూపాన్ని వాతావరణం నుంచి కాపాడేందుకు గాజు గదిలో ఉంచారు; అవసరమే అయినా, అద్దంపై పడే ప్రతిబింబాల వల్ల శిల్పాలు సరిగా కనిపించవు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి ఉద్యమ ఘట్టాలను చెక్కిన కంచు ఫలకాలు. చేతులెత్తి నినదిస్తున్న ఆ జనం దగ్గర ఆయుధమన్నది లేదు.

అదే స్టేషన్ నుంచి మూడో నంబరు లైనులో మూడో స్టాపు దొంగ్నిమ్మున్. జపాను పాలనలో స్వాతంత్ర్య ఉద్యమకారులను బంధించిన సొదెమున్ జైలు మ్యూజియం అక్కడే ఉంది. సోమవారం సెలవు. ఆ ఉద్యమంలో పాల్గొని అరెస్టయిన 17 ఏళ్ల విద్యార్థిని యూ గ్వాన్‌సున్ 1920 సెప్టెంబరు 28న కన్నుమూసినది ఈ జైలులోనే. ఒక గది గోడల నిండా ఖైదీల ఫొటోలున్న రికార్డు కార్డులే. ఆ ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తూ నడవడానికే అరగంట కేటాయించండి. హింసల గదుల్లోని బొమ్మలు భయం గొలుపుతాయి కనుక చిన్నపిల్లలను అటు తీసుకువెళ్లకపోవడం మేలు.

బసకు జొంగ్నో 3-గా పరిసరాలు అనుకూలమే గాని, మేము దిగిన గెస్ట్‌హౌస్ గదిలో సూట్‌కేసు తెరిచే చోటు కూడా లేదు, పైగా అర్ధరాత్రి దాకా వీధి సందడి వినిపించింది. ముసలివారితో వెళ్లేవారు కాస్త ఎక్కువ ఖర్చయినా హోటలే చూసుకోవాలి. శాకాహారులు దగ్గరలోని ఇన్సాడాంగ్‌లో మాంసం లేని బిబింబాప్ (కూరగాయలు కలుపుకుని తినే అన్నం) అడగవచ్చు, అయితే పక్కన ఇచ్చే చారులో చేప ఉందేమో కనుక్కోవాలి. గూగుల్ మ్యాప్స్ కంటే కొరియా వారి నేవర్ మ్యాప్ యాప్ మాకు దారి సరిగా చూపింది. సబ్‌వే, బస్సు ఛార్జీలకు వాడే టీ-మనీ కార్డు రీచార్జికి నగదు దగ్గర ఉంచుకోండి.