తిరుపతిలో రొయ్యల పార్శిల్: బండి దగ్గరా, హోటల్లోనా?

సాయంత్రం బండి మీద వేయించే రొయ్యలకే నా ఓటు, కాకపోతే ఇల్లు దగ్గరైతేనే. కార్న్‌ఫ్లోర్ పట్టించి కళ్ల ముందే నూనెలో వేస్తారు కాబట్టి కరకరలాడతాయి, కానీ మూత బిగించిన డబ్బాలో ఆవిరి పట్టి లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్ దాటేలోపే మెత్తబడిపోతాయి, అందుకే కవర్ మూతి కట్టొద్దని చెప్పండి. నూనె నల్లగా ఉంటే మాత్రం ఆ బండి దగ్గర ఆగొద్దు.

హోటల్ వాళ్ల రొయ్యల వేపుడు ఉల్లిపాయ, కరివేపాకు, మిరియాలతో మగ్గుతుంది గనక కాసేపాగి తిన్నా రుచి పోదు, పప్పుచారులోకి భలే ఉంటుంది. రేటెక్కువ, రొయ్యలు తక్కువ, అదొక్కటే బాధ. నెల్లూరు చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్యలు మనకి దగ్గరే, అందుకే బండికీ హోటల్‌కీ తాజాదనంలో పెద్ద తేడా కనిపించదు. కొండకెళ్లేవాళ్లు ఏది కొన్నా అలిపిరికి ముందే తినేయండి, పైకి తీసుకెళ్లనివ్వరు.