ఎదుటివాళ్ల వంతులోనూ నాకు పనుంది: ఇద్దరి ఆటగా ఇన్ఫినిటీ

ఇద్దరే ఆడుకోవడానికి సైన్స్ ఫిక్షన్ స్కర్మిష్ గేమ్ (బల్ల మీద కొద్దిపాటి బొమ్మలతో ఆడే చిన్న యుద్ధం ఆట) ఏది తీసుకోవాలని అడిగేవాళ్లను నేను ముందు అడిగేది ఒక్కటే. ఎదుటి మనిషి తన బొమ్మలు కదుపుతున్నంతసేపూ మీరేం చేస్తారు? బొమ్మల అందం, కథ, రంగులు వేసే సరదా అన్నీ తర్వాత. నలుగురు కూర్చున్న బల్ల దగ్గర మన వంతు కాని సమయం కబుర్లలో గడిచిపోతుంది. ఇద్దరే ఉన్నప్పుడు ఆ వీలుండదు. ఒకరు ఆడుతుంటే రెండోవారు చూస్తూ కూర్చోవాలి, ఆటలో సగం సమయం అదే. మా తమ్ముడూ నేనూ ఎన్నో ఆటలు తిరిగి చివరికి ఇన్ఫినిటీ దగ్గర ఆగిపోయింది ఈ సగం సమయం కోసమే. ఏళ్లు గడిచినా ఆ ఒక్క విషయం మీద నా ఇష్టం కాస్త కూడా తగ్గలేదు. మిగతావాటి మీద కొంత తగ్గింది, అదీ చెబుతాను.

సైన్యాలేమిటి, పాయింట్లు ఎలా లెక్కపెడతారు లాంటివి వదిలేస్తున్నా. రూల్సు, సైన్యం కూర్చుకునే యాప్ రెండూ ఉచితంగానే దొరుకుతాయి, చూసుకోవచ్చు. నేను చెప్పే లెక్కలు 2020లో వచ్చిన నాలుగో ఎడిషన్‌వి, మా ఆటల్లో ఎక్కువ భాగం దాని మీదే నడిచాయి. తర్వాత వచ్చిన ఐదో ఎడిషన్‌లో కొన్ని లెక్కలు మారాయి కానీ నేను చెప్పబోయే గుండెకాయ మాత్రం అలాగే ఉంది.

దాని పేరు ఏఆర్‌ఓ, ఆటోమేటిక్ రియాక్షన్ ఆర్డర్. తమ్ముడు ఒక ఆర్డర్, అంటే తన వంతులో సైనికుడితో పని చేయించే అవకాశం ఒకటి, ఖర్చుపెట్టి తన సైనికుణ్ని కదిపాడనుకోండి. ఆ కదలికలో ఎక్కడైనా నావాళ్ల కంటపడినా, నావాళ్లకు 8 అంగుళాల లోపలికి వచ్చినా, నావాళ్లు అక్కడికక్కడే బదులివ్వొచ్చు. కాల్చొచ్చు, పక్కకు తప్పుకోవచ్చు, హ్యాకర్ అయితే హ్యాక్ చేయొచ్చు. నా దగ్గర నుంచి ఆర్డర్ ఏమీ ఖర్చు కాదు. ఐదుగురు చూస్తుంటే ఐదుగురూ బదులిస్తారు. ఇంతవరకు వింటే ఇతర ఆటల్లో ఉండే ఓవర్‌వాచ్ (కాపు కాసి, శత్రువు కదిలితే కాల్చడం) లాగే అనిపిస్తుంది. తేడా అంతా వరుసలో ఉంది. ఒక ఆర్డర్‌లో రెండు చిన్న పనులు చేయొచ్చు. ముందు అతను మొదటి పని చెబుతాడు, వెంటనే నేను నా బదులు చెప్పేయాలి, ఆ తర్వాతే అతను రెండో పని చెబుతాడు. అంటే అతను నిలబడి కాలుస్తాడో, గోడ చాటుకు పరిగెత్తుతాడో తెలియకముందే నేను తేల్చుకోవాలి. నేను కాలుస్తానంటే అతను మూడు తూటాలతో తిరగబడొచ్చు. తప్పుకుంటానంటే నన్ను పట్టించుకోకుండా దాటిపోవచ్చు. అతని వంతులో నేను పడే ఆలోచన ఒక్కోసారి నా వంతులో కంటే ఎక్కువ ఉంటుంది.

ఇక పాచికలు. 20 ముఖాల పాచిక, ఇద్దరూ ఒకేసారి వేస్తాం. ఆ పనికి మన సైనికుడికున్న అంకెకు సమానంగానో తక్కువగానో పడాలి, కానీ ఎదుటివారి దానికంటే పెద్దది పడాలి. సరిగ్గా మన అంకే పడితే క్రిటికల్, అది ఎదుటివాళ్ల మామూలు హిట్లన్నిటినీ కొట్టేస్తుంది. వంతు ఉన్నవాడికి తుపాకీని బట్టి మూడు నాలుగు పాచికలు, బదులిచ్చేవాడికి సాధారణంగా ఒక్కటే. దాడి చేసేవాడికి మొగ్గు ఉంటుంది, భరోసా మాత్రం ఉండదు.

నన్ను ఈ ఆటకు కట్టేసిన సంఘటన ఒకటి చెప్పాలి. తమ్ముడి సైన్యం పాన్‌ఓషియానియా, నాది యూ జింగ్. చివరి రౌండు. నా కుడివైపు ఒకే ఒక్క జాన్‌షీ మిగిలాడు. సైన్యంలో అతి మామూలు సిపాయి, కాల్చే అంకె 11, చేతిలో కాంబీ రైఫిల్. అతని వెనక ఆటను తేల్చే కన్సోల్. తమ్ముడు తన ఓర్క్‌ని అటు నడిపించాడు. ఓర్క్ అంటే బరువు కవచం, కాల్చే అంకె 14, కూల్చాలంటే రెండు గాయాలు కావాలి. వాడి దగ్గర ఆర్డర్లు ఇంకా పుష్కలంగా ఉన్నాయి. మొదటి ఆర్డర్‌తో మూలదాకా వచ్చాడు, నా కంట పడలేదు. రెండో ఆర్డర్‌తో మూల దాటి ఒక పెట్టె వెనక ఆగుతానన్నాడు. ఇప్పుడు కనిపించాడు. నేను చెప్పాలి.

తప్పుకుంటానని చెబితే జాన్‌షీ బతకడానికి కొంత అవకాశం ఉంది, కానీ తమ్ముడు తన రెండో పనిగా కూడా కదలికే ఎంచుకుంటే దారి తెరిచి ఇచ్చినట్టే. కాలుస్తానంటే మూడు పాచికల మీద ఒక్క పాచిక. కాలుస్తానన్నాను. వాడు కూడా కాలుస్తానన్నాడు. దూరం 16 అంగుళాల లోపే, కాబట్టి ఇద్దరికీ కాల్చే అంకెకు మూడు కలుస్తుంది. ఇద్దరూ కవర్‌లో, అంటే కొంత అడ్డం చాటున, ఉన్నాం, కాబట్టి ఇద్దరికీ మూడు పోతుంది. నాకు 11, వాడికి 14. వాడికి 9, 13, 17 పడ్డాయి. పదిహేడు పోయింది, మిగతా రెండూ హిట్లే. నేను 12 వేస్తే తప్పినట్టు, 10 వేస్తే వాడి పదమూడు కింద చచ్చినట్టు. పదకొండు పడింది. క్రిటికల్.

క్రిటికల్ తగిలితే కవచం పాచిక ఒకటి అదనంగా వేయాలి. ఓర్క్ కవచం 4, కవర్‌కి ఇంకో 3, రైఫిల్ దెబ్బ 13. పదమూడులోంచి ఆ ఏడు తీస్తే ఆరు. రెండు పాచికల్లోనూ 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే వాడికి ఏమీ కాదు. 3, 5 పడ్డాయి. రెండు గాయాలూ తగిలి ఓర్క్ కూలిపోయాడు. తమ్ముడు బల్ల వైపే చూస్తూ, "అక్కా, ఇది నా వంతు కదే," అన్నాడు. అవును, వాడి వంతే. వాడి వంతులో, ఒక్క ఆర్డర్ ఖర్చు లేకుండా, నా సైన్యంలో అతి చవకైన సిపాయి ఆట గెలిపించాడు. అదృష్టమే, కాదనను. కానీ ఆ అదృష్టానికి చోటిచ్చింది రూలు. మేం ఆడిన మిగతా ఏ ఆటలోనూ ఆ క్షణంలో నా చేతికి పాచిక వచ్చేదే కాదు, వచ్చినా కవచం కోసమే వచ్చేది.

మభ్యపెట్టే అవకాశం కూడా ఈ రూలు వల్లే పదునెక్కుతుంది. కామోఫ్లాజ్ ఉన్న సైనికుడు బల్ల మీద బొమ్మగా ఉండడు, ఒక టోకెన్‌గా ఉంటాడు. ఆ టోకెన్ నా ముందు నుంచి జరుగుతుంటే నేను నేరుగా కాల్చలేను. వాడెవడో కనిపెట్టడానికి ప్రయత్నించాలి, లేదా వాడు బయటపడేదాకా బదులు ఆపుకోవాలి. ఆపుకుంటే, వాడు బయటపడకుండానే వెళ్లిపోతే నా బదులు వృథా. పైగా ఆ టోకెన్ కింద ఉన్నది మనిషి కాకుండా మందుపాతర కూడా కావొచ్చు. మనిషి మొహం చదవడం తెలిసిన తమ్ముడితో ఇది ఆడటం వేరే స్థాయి ఆనందం. వాడు టోకెన్ జరిపేటప్పుడు నా కళ్లలోకి చూస్తాడు, నేను బల్ల వైపు చూస్తాను.

మేం పోల్చిచూసిన వాటిలో డెడ్‌జోన్ అంటే నాకు నిజంగా గౌరవం. బల్లంతా 3 అంగుళాల గళ్లు, అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది. టేపు అక్కర్లేదు, అర అంగుళం గురించి వాదన అక్కర్లేదు, గడి నుంచి గడికి కదలడమే. ఎనిమిది ముఖాల పాచికల్లో 8 పడితే ఇంకోటి వేసుకోవచ్చు. చాలా వేగంగా అయిపోతుంది. ఒకరి తర్వాత ఒకరం కదుపుతాం కాబట్టి ఎదురుచూపు కూడా తక్కువే. కిల్ టీమ్‌లోనూ అంతే, ఒక బొమ్మ నాది, ఒక బొమ్మ వాడిది. 2021 ఎడిషన్‌లో దూరాలకు త్రిభుజం, వృత్తం, చతురస్రం గుర్తులు పెట్టారు, 2024లో మళ్లీ అంగుళాలకు వచ్చేశారు. అంగుళాలే నయం అని మొదటి నుంచీ నా అభిప్రాయం. స్టార్‌గ్రేవ్ మంచి మనసున్న ఆట. ఏ కంపెనీ బొమ్మలైనా పెట్టుకోవచ్చు, ఒక ఆట నుంచి ఇంకో ఆటకు మన ఓడ సిబ్బంది కథ సాగుతుంది. ఈ మూడింట్లోనూ ఎదుటివారు కాల్చినప్పుడు నేను ప్రధానంగా చేసేది తట్టుకోవడమే. తట్టుకోవడానికీ తిరగబడటానికీ మధ్య ఎంత దూరముందో ఇన్ఫినిటీ ఆడాకే నాకు తెలిసింది.

ఇప్పుడు నేను పైన అన్న మాటను కొంచెం సవరించాలి. ఎదుటివాళ్ల వంతులోనూ పనుంటుంది అన్నాను. పనుంటుంది, మనవాళ్లు బతికున్నంతవరకు. ఈ ఆటలో ఒక్కో సైనికుడు ఒక్కో ఆర్డర్ ఇస్తాడు, ఆ ఆర్డర్లన్నీ ఒకే కుండలో పడతాయి, కుండలోవన్నీ ఒక్కడి మీదే ఖర్చుపెట్టొచ్చు. మొదటి వంతు దక్కినవాడు తన మేటి యోధుణ్ని పది ఆర్డర్లతో పరిగెత్తించి నావాళ్లను నలుగురిని కూల్చాడంటే, నా వంతు వచ్చేసరికి నాకు నాలుగు ఆర్డర్లు తక్కువ. చూసే కళ్లు తక్కువ కాబట్టి బదులిచ్చేవాళ్లూ తక్కువే. దీనికి విరుగుడుగా, రెండో వంతు ఆడేవాళ్లు ఒక కమాండ్ టోకెన్ (ప్రత్యేక పనులకు వాడే బిళ్ల) ఖర్చుపెట్టి మొదటివాళ్ల దగ్గర రెండు ఆర్డర్లు తీసేయొచ్చు. సాయపడుతుంది, సరిపోదు. సైన్యాన్ని నడిపే లెఫ్టినెంట్ కూడా పోయాడంటే తర్వాతి వంతులో ఎవరి ఆర్డర్ వాళ్లకే, కుండ ఖాళీ. అలాంటి ఆటలో చివరి రౌండు ఇద్దరికీ బరువుగానే ఉంటుంది, గెలుస్తున్నవాడికి కూడా. మాలో ఒకరికి ఆట బాగా వచ్చి ఇంకొకరికి రాకపోయి ఉంటే ఇన్నేళ్లు సాగేది కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఇద్దరం ఒకేసారి నేర్చుకున్నాం, ఓటములు దాదాపు సమానంగా పంచుకున్నాం.

రెండోది బల్ల. ఏఆర్‌ఓ ఎంత గొప్పదైనా దాని బలం చూపు మీద ఆధారపడి ఉంది, చూపు టెర్రైన్ మీద, అంటే బల్ల మీద పెట్టే అడ్డాల మీద. నాలుగడుగుల బల్ల మీద అడ్డాలు పలచగా ఉన్న రోజున మేడమీద ఒక్క స్నైపర్ చాలు. మల్టీ స్నైపర్ రైఫిల్‌కి 16 నుంచి 48 అంగుళాల దాకా మూడు కలుస్తుంది. అందులో 32 అంగుళాల దాకా కాంబీ రైఫిల్‌కి మూడు పోతుంది, స్నైపర్ కవర్‌లో ఉంటే ఇంకో మూడు. 11 ఉన్న సిపాయి 5 మీద కాలుస్తుంటే అవతల స్నైపర్ 15, 16 మీద బదులిస్తాడు. పొగ గ్రెనేడ్లు లేని సైన్యమైతే గోడ వెనకే ఉండిపోతుంది. అందుకే ఈ ఆటకు బల్ల నిండా ఇళ్లు, పెట్టెలు, మెట్లు, వంతెనలు కావాలి. ఏ మూల నుంచీ అవతలి అంచు కనిపించకూడదు. మా దగ్గర అట్ట ఇళ్లు చాలా ఉన్నాయి, అయినా ఆటకు ముందు బల్ల సర్దడానికి మాకు పట్టే సమయం తక్కువేమీ కాదు. తమ్ముడికి అది ఇష్టం, వాడే సర్దుతాడు. నాకు అంత ఓపిక లేదు.

రూల్స్ బరువు గురించి అందరూ హెచ్చరిస్తారు, నిజమే. మేం మొదలుపెట్టింది కోడ్‌వన్‌తో, అదే ఆటకు తేలిక చేసిన రూపం. ఏఆర్‌ఓ, ఫేస్ టు ఫేస్ పాచికలు (పైన చెప్పిన, ఇద్దరూ ఒకేసారి వేసేవి) దానిలోనూ ఉన్నాయి. ఇష్టపడటానికి అదే సరిపోయింది. నిజానికి ఇద్దరికే అయితే కోడ్‌వన్‌తోనే ఆగిపోయినా పెద్దగా పోయేదేమీ లేదేమో అని ఈమధ్య అనిపిస్తోంది. పెద్ద ఆటలో ఉన్న వందలాది నైపుణ్యాల్లో మేం వాడేవి కొన్నే. మిగతావి వెతుక్కుంటూ ఆట ఆగిపోయినప్పుడల్లా, నేను ఇంతగా పొగిడిన ఆ చురుకు కాస్త మందగిస్తుంది.

బొమ్మలు చాలావరకు లోహంవి. చిన్న చేతులు, సన్నటి తుపాకులు, జిగురు ఆరేదాకా పట్టుకు కూర్చోవాలి. పూర్తయ్యాక చాలా అందంగా ఉంటాయి. అతికించడం అలవాటు లేనివాళ్లకు ఇదే మొదటి పెట్టె కాకపోతే మంచిది.

నాకు తమ్ముడున్నాడు. వాడికి ఖాళీ, నాకు ఖాళీ ఒకేసారి దొరుకుతాయి, ఇద్దరం ఓడిపోతే అలిగే రకం కాదు, బల్ల సర్దే మనిషి ఇంట్లోనే ఉన్నాడు. ఈ ఏర్పాటు ఉన్నవాళ్లకు ఇన్ఫినిటీ తీసుకోమని గట్టిగానే చెబుతాను. అప్పుడప్పుడు మాత్రమే కలిసే స్నేహితుడితో, గంటలో ముగించి లేవాలి అనుకుంటే డెడ్‌జోన్ చూడండి. మేం కూడా అలసిపోయిన రోజుల్లో దాన్నే తీస్తాం. తమ్ముడు ఇంకో ఊరికి మారితే ఈ బొమ్మలన్నిటితో నేనొక్కదాన్నే ఏం చేయాలో ఇంకా ఆలోచించలేదు. సోలోగా ఆడితే ఏఆర్‌ఓకి అర్థమే ఉండదు, అవతల బదులు చెప్పే మనిషి ఉండాలి.