ఆర్‌సింక్‌తో డిస్క్ మార్పు: రెండేళ్ల వాడకం తర్వాత

పాత హార్డ్ డిస్క్ మీదున్న డెబియన్ లినక్స్‌ను ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి (వేగవంతమైన కొత్త రకం డిస్క్) మార్చి రెండేళ్లయింది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయలేదు. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ అనే కమాండ్‌తో ఉన్నది ఉన్నట్టు తెచ్చుకున్నాను. అంతకుముందు ఇంకో మెషీన్‌లో డీడీ (డిస్క్‌ను మొత్తంగా నకలు తీసే కమాండ్) వాడి చేతులు కాల్చుకున్నాను. డీడీతో యూయూఐడీలు, అంటే పార్టిషన్లను సిస్టమ్ గుర్తుపట్టే ఐడీలు, కూడా అవే వచ్చేస్తాయి. పాత డిస్క్ తీయకుండానే ఆన్ చేశాను, సిస్టమ్ చక్కగా వచ్చింది. మూడు రోజులు పని చేశాక గానీ తెలియలేదు, నేను వాడుతున్నది పాత డిస్కేనని!

ఆర్‌సింక్‌లో ఆ తికమక లేదు. కొత్త పార్టిషన్లు మనమే చేసుకుంటాం కాబట్టి సైజు మన ఇష్టం, యూయూఐడీ కొత్తది. లైవ్ యూఎస్‌బీ (డిస్క్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) నుంచి చేస్తే, సిస్టమ్ నడుస్తున్నప్పుడు మాత్రమే నిండే ప్రాక్, సిస్ ఫోల్డర్లు ఖాళీగానే ఉంటాయి, వాటిని మినహాయించే పని కూడా తప్పుతుంది. ఆర్‌సింక్‌కు చిన్న ఏ (-a) ఆప్షన్ ఒక్కటే చాలదు. హార్డ్ లింకులకు (ఒకే ఫైల్‌కు ఉండే వేర్వేరు పేర్లు) పెద్ద హెచ్, ఏసీఎల్‌లకు (అదనపు పర్మిషన్లు) పెద్ద ఏ, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లకు (ఫైల్‌కు అంటిపెట్టుకునే అదనపు వివరాలు) పెద్ద ఎక్స్ కలపాలి. సోర్స్ చివర స్లాష్ మరిచిపోతే రూట్ (సిస్టమ్ ఫైళ్లన్నీ ఉండే మూల ఫోల్డర్) అంతా ఇంకో ఫోల్డర్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది. (అవును, నాకూ జరిగింది.)

కాపీ వరకు హాయిగానే గడిచింది. అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలైంది. మొదట మదర్‌బోర్డుకు కొత్త డిస్క్‌లో బూట్ అయ్యేదేదీ కనిపించలేదు. యూఈఎఫ్ఐ (మదర్‌బోర్డులోని స్టార్టప్ సాఫ్ట్‌వేర్) దాచుకున్న ఎంట్రీ పాత ఈఎఫ్ఐ పార్టిషన్‌ది (బూట్ ఫైళ్లు ఉండే చిన్న పార్టిషన్) మరి. లైవ్ యూఎస్‌బీ నుంచి సీహెచ్‌రూట్ అయి (అంటే కొత్త డిస్క్‌లోని సిస్టమ్‌లోకి అడుగుపెట్టి), గ్రబ్ అనే బూట్‌లోడర్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, దాని కాన్ఫిగ్ మళ్లీ తయారు చేశాక మెనూ వచ్చింది.

తర్వాత 90 సెకన్ల ఎదురుచూపు, ఆపైన ఎమర్జెన్సీ మోడ్. ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో రూట్ యూయూఐడీ మార్చాను, స్వాప్‌దీ (ర్యామ్‌కు తోడుగా వాడే పార్టిషన్) మార్చాను. ఈఎఫ్ఐ లైన్ వదిలేశాను. అది ఫ్యాట్ ఫార్మాట్ పార్టిషన్, దాని యూయూఐడీ ఎనిమిది అక్షరాలే కదా, కళ్లు దాని మీద నిలవలేదు. డిస్క్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ ఇచ్చిన యూయూఐడీలను పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ పోల్చి చూసుంటే ఐదు నిమిషాల పని. నాకు ఓ సాయంత్రం పట్టింది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నన్ను మోసం చేసింది మూడోది. సిస్టమ్ బూట్ అవుతుంది, కానీ ప్రతిసారీ అర నిమిషం నల్లటి స్క్రీన్. వేగం కోసం కొన్న ఎస్‌ఎస్‌డీ పాత డిస్క్ కన్నా నత్తనడక! కొత్త డిస్క్‌నే అనుమానిస్తూ నాలుగు నెలలు లాక్కొచ్చాను. చివరికి బూట్ సమయాన్ని లెక్కగట్టే సిస్టమ్‌డీ-ఎనలైజ్ కమాండ్ నడిపితే సమయమంతా కెర్నెల్ ఖాతాలో చూపించింది. అంటే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (అసలు రూట్ మౌంట్ కాకముందు నడిచే తాత్కాలిక చిన్న సిస్టమ్) దశలోనే ఆగుతోందన్నమాట. దాన్ని తయారుచేసే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్ సెట్టింగుల్లో, హైబర్నేషన్ నుంచి లేవడానికి ఏ స్వాప్ చూడాలో చెప్పే రెజ్యూమ్ అనే చిన్న ఫైల్ ఉంటుంది. అందులో పాత స్వాప్ యూయూఐడీ అలాగే ఉంది. లేని స్వాప్ కోసం రోజూ ఎదురుచూస్తోంది పాపం. దాన్ని సరిచేసి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను అప్‌డేట్ చేస్తే ఆ అర నిమిషం మాయమైంది.

ఆ తర్వాత పర్మిషన్ల గొడవ గానీ, అప్‌డేట్లలో తేడా గానీ ఒక్కటీ రాలేదు. సీహెచ్‌రూట్ అంటే భయపడేవాళ్లకు మాత్రం దీన్ని సిఫారసు చేయను. వాళ్లు హోమ్ ఫోల్డర్ ఒక్కటి దాచుకుని కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవడమే సుఖం. పాత డిస్క్ రీడ్ ఎర్రర్లు ఇస్తుంటే మాత్రం ముందు డీడీరెస్క్యూతో (పాడవుతున్న డిస్క్ నుంచి చదవగలిగినంత కాపీ తీసే కమాండ్) ఇమేజ్ తీసుకుని, ఆ ఇమేజ్‌ను మౌంట్ చేసి అందులోంచి ఆర్‌సింక్ నడపండి.