11 ఏళ్ల చందా, అందని ఒక సంచిక

పదకొండేళ్లుగా నేను చందాదారుగా ఉన్న ఒక చిన్న మాసపత్రికను చేతికి రాగానే వెనక నుంచి తెరుస్తాను, ఎందుకంటే పాఠకుల లేఖలు చివరి నాలుగు పేజీల్లో ఉంటాయి. సంపాదకీయం, కథ, కవిత, పుస్తక పరిచయం ఏ చిన్న పత్రికలోనైనా ఉండేవే కనుక వాటి జోలికి పోవడం లేదు. ఈ సమీక్ష ఆ నాలుగు పేజీల గురించే.

మొదటి రెండేళ్లు వాటిని నేను సరిగా చదవనేలేదని ఒప్పుకోవాలి. వ్యాసం ఆలోచింపజేసింది, కథ కంటతడి పెట్టించింది అన్న తీరు ఉత్తరాలే ఉంటాయనుకునేవాణ్ణి. మూడో ఏట ఒక సంచిక నాకు అందలేదు. నెలాఖరు దాకా చూసి సంపాదకుడికి ఫోన్ చేస్తే, అచ్చు వేసేదే చందాలకు సరిపడా అని, మిగులు ప్రతి ఒక్కటి కూడా లేదని ఉన్నమాట చెప్పేశారు. ఇక చందా మానేద్దామని నిశ్చయించుకున్నాక, మర్నాడు ఆయనే ఫోన్ చేసి, మీ ఇంటికి రెండు వీధుల అవతల మరొక చందాదారు ఉన్నారని, ఆవిడను అడిగితే తన ప్రతిని ఇవ్వడానికి ఒప్పుకున్నారని, వెళ్లి తెచ్చుకోమని చెప్పారు. ఇచ్చిన డబ్బుకు పత్రిక పంపలేక నన్నే పంపుతున్నాడేమిటని గొణుక్కుంటూనే వెళ్లాను.

ఆవిడ ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయిని. ఆ ప్రతిలో లేఖల పేజీల అంచులన్నీ పెన్సిల్ రాతలతో నిండి ఉన్నాయి. షిఫ్టుల్లో పనిచేసే ఒకాయన, పౌర గ్రంథాలయం సాయంత్రం ఆరింటికే మూసేస్తే తాను పని దిగి వచ్చేసరికి తలుపులకు తాళమే కనిపిస్తోందని రాశారు. ఆ ఉత్తరం పక్కన టీచరుగారు, దిద్దిన పరీక్ష పేపరు మీద రాసినట్టు, “నిజమే. ఆరు తర్వాత ఆ తాళం వేసేదెవరు?” అని రాసుకున్నారు. ఆవిడ అనుమతితో ఆ ప్రశ్ననే ఉత్తరంగా రాసి పంపాను. అంతకుముందు నేను ఏ పత్రికకూ ఒక్క ముక్క రాసి ఎరగను.

తరువాతి సంచికలో గ్రంథాలయ ఉద్యోగిని ఒకరు జవాబిచ్చారు: సాయంత్రం పూట తానొక్కతే ఉంటానని, రెండో పోస్టు ఖాళీగా ఉందని. ఆ పై నెల షిఫ్టు ఉద్యోగి మళ్లీ రాస్తూ, తన కోపం ఆమె మీద కాదని వివరణ ఇచ్చుకున్నారు. నాలుగో నెల లేఖల కింద చిన్న గడి కట్టి, ఈ విషయంలో ఆసక్తి ఉన్నవారు ఫలానా ఆదివారం పఠన మందిరంలో కలవవచ్చునని సంపాదకుడు ప్రకటన వేశారు. వచ్చినది ఏడుగురమే. వారిలో ముగ్గురి ముఖాలు బస్సులో ఏళ్ల తరబడి చూస్తున్నవే. పేర్లు మాత్రం లేఖల కింద చదివినవి. ఏ పేరు ఏ ముఖానిదో ఆ రోజే తెలిసింది. ఖాళీ పోస్టు సంగతి రాసి, మా సంతకాలతో పురపాలక సమావేశానికి తీసుకువెళ్తే, వారానికి రెండు రోజులు ఎనిమిదింటి వరకు తెరిచి ఉంచడానికి ఒప్పుకున్నారు.

1711లో లండన్‌లో స్పెక్టేటర్ నడిపిన జోసెఫ్ అడిసన్, తన పత్రిక రోజుకు 3,000 ప్రతులు పోతోందని విని, ప్రతికి 20 మంది చొప్పున లెక్కగట్టి పాఠకులు 60,000 మంది అని రాసుకున్నాడు. అది సంపాదకుడి ఆశ తప్ప మరేమీ కాదని నవ్వుకునేవాణ్ణి. టీచరుగారి ప్రతి మా ఏడుగురి చేతులూ మారి, పిన్ను ఊడి, అట్టకు దారం కుట్టించుకుని తిరిగి వచ్చాక ఆ లెక్కను మరీ అంతగా కొట్టిపారేయలేకపోతున్నాను.

అయితే ఇంతవరకు చెప్పిన మంచిలో కొంత తగ్గించుకోవలసి ఉంది. ఆ రెండు రోజులూ ఏడాది తిరిగేసరికి ఒక రోజయ్యాయి, పోస్టు నేటికీ ఖాళీయే. ఒకసారి నా ఉత్తరాన్ని పేజీకి సరిపెట్టడానికి కత్తిరించినప్పుడు “అయితే” తో మొదలైన వాక్యమే ఎగిరిపోవడంతో, తప్పంతా ఆ ఉద్యోగినిదేనని నేను అన్నట్టు అచ్చయింది. పుస్తకాలిచ్చే బల్ల దగ్గర నిలబడి ఆమెకు నేనే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. సవరణను మరుసటి నెల అదే పేజీలో, అదే అక్షర పరిమాణంలో వేశారు కనుక ఆ కోపం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

అంతకన్నా పెద్ద లోపం, రాసేది ఎప్పుడూ మేము పది పన్నెండు మందిమే కావడం. అద్దె ఇళ్లలో ఉండి తరచు మారిపోయేవారు, ఇళ్లలో పనిచేసేవారు, పాతికేళ్ల లోపువారు ఆ పేజీల్లో కనిపించరు. వారు రాయరు కదా, ఏం చేస్తామని సంపాదకుడు అంటారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి వెదికి వెదికి 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిన సంగతి ఆయనకు గుర్తుచేశాను. ఆ మాట ఆయనకు తగిలినట్టుంది. ఫోన్‌లో చెబితే రాసుకుని వేస్తామని ప్రకటించి, మూడు నెలలు వేశారు కూడా. నీళ్లు వచ్చే వేళను గురించి ఒకావిడ చెప్పిన ఆరు పంక్తులు ఆ ఏడాది వచ్చిన వ్యాసాలన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నాయి. రాసుకునే మనిషి లేక ఆ ఏర్పాటు ఆగిపోయింది.

ఇలాంటి పత్రికకు చందా కట్టవచ్చునా అని అడిగేవారికి నేను నేరుగా అవునని చెప్పలేను. నాకు సాయంత్రాలు ఖాళీ, ఇంట్లో ఒక్కణ్ణే, పైగా రెండేళ్లుగా ఆ పత్రికకు ప్రూఫులు దిద్దుతున్నాను కనుక నా మాటను కొంత తగ్గించుకునే వినాలి. పసిపిల్లలున్నవారికో, రోజుకు రెండు పనులు చేసేవారికో ఆదివారం సమావేశాలు భారమే అవుతాయి. చదవడానికి మాత్రమే అయితే ఇంతకన్నా చక్కగా అచ్చయ్యే పత్రికలు ఉన్నాయి. ఇదివరలో మూడేళ్లకు ఒకేసారి కట్టే నేను ఈసారి ఒక్క ఏడాదికే కట్టాను. సంపాదకుడి ఆరోగ్యం బాగుండడం లేదు, ఆ లేఖలను చూసుకునే రెండో మనిషి ఇంకా కుదరలేదు.