వికీ పేజీకి బొమ్మ: తొమ్మిదేళ్లుగా కామన్స్ వాడాక

తెలుగు వికీపీడియాలో చేరి తొమ్మిదేళ్లయింది. నేను రాసింది తక్కువ, బొమ్మలు వెతికింది ఎక్కువ. అందుకే ఈ సమీక్ష వికీమీడియా కామన్స్ గురించి. ఎవరైనా ఉచితంగా వాడుకోగల బొమ్మలు, వీడియోల కోసం 2004లో మొదలైన ఈ ఉమ్మడి గిడ్డంగిలో ఇప్పుడు పది కోట్లకు పైగా దస్త్రాలున్నాయి. అయినా పులస పేజీకి సరైన ఫొటో పెట్టడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది.

ముందు రామప్ప సంగతి. 2021లో పాలంపేట గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ పేజీ సరిచేద్దామని కూర్చున్నాను. ఫొటోలకు కరువు లేదు. మదనిక శిల్పం ఫొటో ఒకటి చూపు తిప్పుకోనివ్వలేదు, నల్లరాతి మీద నగల పూసలు కూడా లెక్కపెట్టొచ్చు. దాన్నే పేజీ మొదట్లో ఉండే సమాచారపెట్టెలో పెట్టేశాను. మర్నాడు చర్చా పేజీలో తోటి వాడుకరి ఒకే ముక్క రాశారు: "బాగుందండీ, గుడి ఏదీ?"

నవ్వొచ్చింది గానీ, నిజమే. మదనికను కిందికి, శిల్పాల విభాగంలోకి దించాను. పైన ఎర్ర ఇసుకరాయి గోడలూ ఇటుక శిఖరమూ కలిసి కనబడే ఫొటో పెట్టాను. అదీ ఒకపట్టాన కుదర్లేదు. కంప్యూటర్‌లో భలే ఉంది, ఫోన్‌లో వేలెడంత అయ్యేసరికి ముప్పాతిక వంతు ఆకాశం, గడ్డి. క్రాప్‌టూల్‌తో కత్తిరించి, పాత దస్త్రాన్ని చెరపకుండా కొత్త పేరుతో ఎక్కించాను. అప్పట్నుంచి ఏ బొమ్మనైనా ముందు ఫోన్‌లో చూశాకే పెడుతున్నాను.

లైసెన్సు దగ్గర కామన్స్‌కు మొహమాటం లేదు. "వాణిజ్యానికి వాడరాదు" అన్న షరతున్న ఫొటో పనికిరాదు, సినిమా పోస్టరూ అంతే. పోస్టరైతే సముచిత వినియోగం (ఫెయిర్ యూజ్) కింద తెలుగు వికీపీడియాలోనే విడిగా ఎక్కించుకోవాలి. నేనూ ఓసారి బోల్తా పడ్డాను. రోడ్డు పక్క గోడ మీద వేసిన రంగుల చిత్రాన్ని ఫొటో తీసి ఎక్కిస్తే తొలగించారు. మన కాపీరైట్ చట్టంలో బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహానికి, కట్టడానికి ఉన్న వెసులుబాటు గోడ చిత్రానికి లేదు. చదవకుండా ఎక్కించింది నేనే, ఇంకెవర్ననాలి?

తెలుగులో వెతికితే దొరికేది తక్కువ. ఆ పాపం మనదే, ఎక్కించేటప్పుడు తెలుగు వివరణ రాయడానికి బద్ధకిస్తాం. 'గోంగూర' అని కొట్టి ఏమీ తేలకపోతే మొక్క శాస్త్రీయ నామంతో వర్గంలోకి వెళ్లండి. అక్కడ ఎర్ర కాడదో తెల్ల కాడదో కళ్లతో చూసుకుని మరీ తీసుకోండి.

ఇక పులస. వెతికితే ఇలిష్ పేరుతో ఎక్కువగా బంగ్లాదేశ్ ఫొటోలే తగిలాయి. జాతి ఒకటే, పెట్టేయొచ్చు అన్నారు కొందరు. కానీ మన పేజీ చెప్పేదే సముద్రం నుంచి వరదకు ఎదురీది గోదావరిలోకి వచ్చిన చేప గురించి. పుస్తెలమ్మైనా తినమన్నది ఆ చేపనే కదా! సరే, వేరే దారి లేక ఒకటి పెట్టి, "బంగ్లాదేశ్‌లో అమ్మకానికి ఉంచిన ఇలిష్, పులసదీ ఇదే జాతి" అని కింద వ్యాఖ్య రాశాను. ఇక్కడ ఆ వ్యాఖ్యే అసలు. అది లేకపోతే బొమ్మ అబద్ధమాడినట్టే.

రెండో ఏడు యానాం వెళ్లి నేనే తీశాను. చేప ఐసు మీద వెండిలా మెరుస్తోంది. అమ్మే ఆవిడ "నన్ను తియ్యకు బాబూ, చేపనే తీసుకో" అంది. అలాగే తీశాను. ఇంటికొచ్చి చూస్తే పక్కన ఏమీ లేదు, చేప జానెడుందో మూరెడుందో తెలియదు. పైగా బయటి నుంచి వచ్చే ఇలసను (అదే ఇలిష్) పులసని అమ్మేవాళ్లూ ఉంటారు. నాది గోదావరిదేనని ఆవిడ మాట తప్ప రుజువేదీ? "యానాం మార్కెట్‌లో పులసగా అమ్ముతున్న చేప" అని రాసి పెట్టాను. ఇప్పటికి అదే ఉంది.

మళ్లీ ఎర్రనీరు వచ్చినప్పుడు వెళ్తాను. ఈసారి పక్కన కత్తిపీట పెట్టి, వీలైతే పడవలో వల నుంచి తీస్తుండగానే తీయాలి.